మూగ తగరం

పైడిగట్టు దుర్గమంటే అల్లాటప్పా దుర్గమా! ఏడు ప్రాకారాలు, ఒక్కొక్క ప్రాకారం మీద నాలుగేసి ఏనుగులు పక్కపక్కన కబుర్లాడుకుంటూ నడిచి పోగలంత వెడల్పు, బురుజు కొమ్మున నిలబడి కిందికి ఉమ్మితే ఆ ఉమ్మి నేల చేరేలోగా గాలికే ఆరిపోయేటంత ఎత్తు. అటువంటి దుర్గాన్ని మానువనాటి ప్రభువు తొమ్మిది నెలలుగా చుట్టుముట్టి కూర్చున్నాడు. ఆకాశంలోని మబ్బులన్నీ ఒక్కసారిగా అలసిపోయి నేల మీద పడుకున్నాయా అన్నట్టు వాడి గుడారాలు దిక్కులన్నిటా తెల్లగా పరుచుకున్నాయి. వాడి గుర్రాలు ఒక్క పూట నీళ్ళు తాగితే ఏరు ఎండి ఇసుక తేలేది. వాడి వంటల పొగకు సూర్యుడు రోజూ దగ్గుకుంటూ ఉదయించేవాడు. ఇంత బలగం ఉండీ ఆ ప్రభువు పైడిగట్టులో ఒక్క రాయి కదల్చలేకపోయాడంటే కారణం ఒక్కడే. ఆ ఒక్కడు సర్వసేనాధిపతి దుగ్గనాయకుడు.

యాభై ఆరేళ్ళ మనిషి. ఆయన ఖడ్గాన్ని ఆయుధశాల నుంచి మోసుకురావడానికి ఇద్దరు జెట్టీ మల్లులు కావాలి. వచ్చాక ఆయన దాన్ని చీపురుపుల్లలా తిప్పేవాడు. ఆయన బురుజెక్కి ఒక్క కేక పెడితే శత్రువుల గుడారాల తాళ్ళు వాటంతట అవే ఊడిపోయేవని కోటలో అందరూ చెప్పుకునేవారు. అందులో ముప్పాతిక తీసేసినా, మిగిలిన పాతిక శౌర్యం పదిమంది మామూలు వీరులకు పంచిపెట్టవచ్చును.

అయితే ఏడో నెల నుంచి కోటలో ఏదో చెడింది.

మొదట చెడినవి మనుషుల నోళ్ళు. కలిసి పుట్టి కలిసి పెరిగిన అన్నదమ్ములు వేపపుల్ల దగ్గర తగువు పడి ఒకడు ఇంకొకడి చెవి కొరికి ఊశాడు. పక్కవాడు తుమ్మితే కత్తి దూశారు, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదని దూశారు. కంటికి కునుకు లేదు, పట్టినా పీడకలలే. తరువాత చెడినవి కడుపులు. పేగులను ఎవరో లోపల కూర్చుని తాడు పేనినట్టు మెలిపెట్టేవి; వారం రోజులైనా విరేచనం లేక, కొండను కదిలించగల వీరులు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని అమ్మా అని ఏడ్చేవారు. ముఖాలు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. చివరికి చెడినవి చేతులు. మోచేతి దాకా మనిషి చెయ్యే. మణికట్టు దగ్గర మాత్రం నీళ్ళు లేని తోటకూర కాడలా వాలిపోయేది. వేళ్ళు ముడుచుకునేవి గాని చాచుకునేవి కావు. వెయ్యిమంది సైన్యంలో మున్నూరు మందికి ఈటె నిలబెట్టే శక్తి పోయింది.

దుగ్గనాయకుడికి కూడా పది రోజులుగా రెండు చేతులూ వాలుతున్నాయి, కుడిచేయి మరీను. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. భయం కాదు, సిగ్గు. తలపాగా చుట్టుకోబోతే వేళ్ళు లేవక, గది తలుపు మూసుకుని పళ్ళతో కొస పట్టుకుని చుట్టుకునేవాడు. పళ్ళు నొప్పి పుట్టి చిగుళ్ళ నుంచి ఏదో ఇనుపరుచి నోటినిండా ఊరేది. వెడల్పాటి వెండి కంకణం ఒకటి బిగించి దాని దన్నుతో చెయ్యి నిలబెట్టుకుంటూ, పక్కవాళ్ళ మీద అకారణంగా అరుస్తూ తిరిగేవాడు.

ఇంత చెడులోనూ కోటలో బాగున్నది ఒక్కటే: పులుసు. ముట్టడి మొదలైన రెండో నెలలో మహామంత్రి నారపామాత్యుడు కోటలోని వంటశాలలన్నీ మూయించి, రాజుకూ సైన్యానికీ ఒకే వంట అని శాసించాడు. మనిషి నిలబడి స్నానం చేయగలంత పెద్ద రాగి గుండిగలు పన్నెండు తెప్పించి, లోపల కొత్త కళాయి పూయించి, రోజూ చింతపండు పులుసు కాయించేవాడు. బెల్లం నాలుగో నెలలోనే అయిపోయింది. అయినా పులుసు మాత్రం రోజురోజుకూ తియ్యబడింది! అమ్మవారే కరుణించి గుండిగలో వేలు పెట్టి కలిపిపోతోందని జనం చెంపలు వేసుకున్నారు. దుగ్గనాయకుడైతే మూడు గరిటెలకు తక్కువ పోయించుకునేవాడు కాడు. మంత్రి ఇంకొక మెట్టు ఎక్కి, సైన్యం మధ్య నిలబడి, కోట అమ్మవారి మీద ఒట్టు వేశాడు: "ముట్టడి తీరేదాకా నా ఇంట పొయ్యి రాజదు. మీరు తినే గుండిగలోదే నా ముద్ద. మీ పులుసే నా పులుసు!" ఆ మాటకు సైన్యం వేసిన జేజేలకు కోట పావురాలు లేచిపోయి మూడు రోజులు తిరిగి రాలేదు.

ఇక ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. దాన్ని నిలువుకత్తి అంటారు. ప్రతి సోమవారం ఉదయం కొలువులో నాయకులంతా సింహాసనం ముందు కుడిచేయి బారచాచి, కత్తిని ఆకాశానికి నిలువుగా పట్టి, నగారా పన్నెండు దెబ్బలు పడేదాకా కదలక నిలబడాలి. నడుమ కత్తిమొన దింపినవాడు "నీ ఉప్పు నాకు వద్దు" అని నోటితో చెప్పినట్టే లెక్క. మూడు వందల ఏళ్ళలో మొన దింపినవాళ్ళు ఇద్దరే; ఇద్దరూ తెలిసే దింపారు; ఇద్దరి తలలూ ఆ సాయంత్రానికి భుజాల మీద లేవు.

ఆ సోమవారం నగారా ఏడో దెబ్బ పడింది. దుగ్గనాయకుడి నుదుట చెమట కంటిలోకి దిగింది. ఎనిమిదో దెబ్బకు కంకణం జారింది. తొమ్మిదో దెబ్బకు ఆయన కళ్ళెదుటే, ఆయన చెయ్యి ఆయనది కాదన్నట్టు, మణికట్టు మెల్లగా వంగింది. ఖడ్గం మొన సింహాసనం వైపు వాలి, వాలి, చివరికి రాతినేల మీద ఖణేలుమంది.



వెన్నభూపతి మహారాజుకు ఇరవై నాలుగేళ్ళు. నెల కిందటనే పట్టపురాణికి అయిదో నెల గర్భం జారిపోయింది. అప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు, ఎవరి ముఖం చూసినా మంటే. సింహాసనం దిగి రెండు అడుగులు ముందుకు వచ్చాడు.

"నాయకా! కత్తి ఎత్తు."

"ఎత్తలేను, ప్రభూ."

"ఎత్తలేవా? ఎత్తవా?"

దుగ్గనాయకుడు నోరు తెరిచాడు. చెయ్యి చచ్చిపోయిందని నిండు సభలో ఎలా చెప్పడం? ఆ ఒక్క క్షణం తడబాటు చాలు నారపామాత్యుడికి. సన్నగా, పొడుగ్గా, పసుపు పట్టు ఉత్తరీయంతో వెలిగిపోతూ ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"మహాప్రభూ! విన్నపము. ఏ చేతికి మీ తండ్రిగారు కోట తాళాలు అప్పగించారో, ఏ చేతిని చూసి మానువనాటివారు తొమ్మిది నెలలుగా నిద్ర మానుకున్నారో, ఆ చెయ్యి నేడు మూడు వందల ఏండ్ల సింహాసనం ముందు మొన దింపింది. ఎందుకు దించింది? తాళాలు ఇంకెవరికో ఇస్తానని మాట ఇచ్చిన చెయ్యి గనుక దించింది! సైన్యం చేతులు ఎందుకు వాలుతున్నవని దేవరవారు నన్ను అడిగారు. నాయకుని మనసు వాలితే భటుల చేతులు నిలుస్తవా? కోట అమ్మవారు అలిగింది. అలిగినది గనుకనే అంతఃపురాన దీపం నిలవలేదు. ఈ మాట చెప్పవలసి వచ్చినందుకు నా నాలుక కాలుగాక!"

"నీ నాలుక కాలదు, నారపా," అన్నాడు దుగ్గనాయకుడు. "దాన్ని ముట్టుకోవడానికి నిప్పుకు కూడా అసహ్యం."

"చూశారా ప్రభూ! పశ్చాత్తాపమా అది? పొగరు!"

అంతఃపురం మాట ఎత్తగానే రాజు ముఖం నల్లబడిపోయింది. "మూడో జాముకు ఉత్తర బురుజు మీద నుంచి వీణ్ణి కిందికి తోయండి," అన్నాడు పళ్ళు నూరుతూ. "అక్కడే, అందరి ఎదుట, ఉత్తర ద్వారం తాళాలు మంత్రికి అప్పగిస్తాను."

దుగ్గనాయకుడికి ప్రాణం మీద తీపి లేదు. పేరు పోయిందన్న బాధ మాత్రం రంపంలా కోసింది. దానికన్నా పెద్ద కోత, తాళాలు. నారపడి చేతిలో ఉత్తర ద్వారం పడితే ఆ పొద్దు గుంకేలోగా మానువనాటి గుర్రాలు రాజు గదిలో గడ్డి మేస్తాయని ఆయన ఎముకలు చెబుతున్నాయి. సాక్ష్యం మాత్రం చిటికెడు లేదు.

ఆయన్ని తోసిన రాతిగదిలో అప్పటికే ఒక ముసలిది ఉంది. తలుపు పడగానే చీకట్లోంచి నవ్వింది.

"రండి రండి, సేనాధిపతి దొరగారూ! ఏడు నెలలుగా ఒక్కదాన్నే ఎలకలతో మాట్లాడుకుంటున్నాను. ఎలకలు తెలివైనవి గనుక నాకు బాగానే పొద్దుపోయింది. ఇప్పుడు మీరు వచ్చారు, ఏం చేస్తాం."

గొంతు విని ఆయన గుర్తుపట్టాడు. కంచర పోలమ్మ. రాచపాత్రలకు కళాయి పూసే కంచరి ఇంటి పెద్ద. ఆమె నోటికి జడిసి కోటలో కాకులు కూడా ఆమె గోడ మీద వాలేవి కావు. కొత్త గుండిగలకు కళాయి వేయమని మంత్రి లోహపు కడ్డీలు పంపితే, వాటిని మంత్రి భటుల ముఖాన విసిరి, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి, పని చెయ్యనంది. మంత్రి తల తీయమన్నాడు. దుగ్గనాయకుడు అడ్డుపడి, ముసలిదాన్ని చంపవద్దు, రణం ముగిసేదాకా గదిలో పెట్టమని ముద్ర వేశాడు.

"ప్రాణం కాపాడాను కదా నీకు," అన్నాడు విసుగ్గా.

"కాపాడావా! నీ గుర్రానికి అడ్డంపడి, 'దొరా, అది తగరం కాదు, ఒక్కసారి వంచి చూడు, వంచి చూడు' అని గొంతు చించుకున్నాను. నువ్వేమన్నావు? 'ఈ గయ్యాళిని లాగేయండి, చెవులు పోతున్నాయి' అన్నావు. చెవులు పోలేదు గాని ఏం పోయింది చెప్పు? చెయ్యి పోయిందా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నీకెలా తెలుసు?"

"ఇందాక భటుడిచ్చిన నీళ్ళ చెంబు పట్టుకునే తీరు చూశాను, రెండు అరచేతుల నడుమ ఉడుతలాగ. నోరు తెరు."

"ఏమన్నావు?"

"నోరు తెరవయ్యా! కోట తలుపులు తెరవమనలేదు."

కిటికీ సందులోంచి పడే వెలుగులోకి ఆయన గడ్డం పట్టి లాగి, పెదవి పైకెత్తి చూసింది. పళ్ళకు చిగురు అంటుకున్నచోట, కాటుకపుల్లతో గీసినట్టు, నల్లని నీలపు గీత ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. ముసలిది గడ్డం వదిలేసింది. కాసేపు తిట్టలేదు. ఏడు నెలల్లో ఆమె తిట్టని క్షణాలు అవే.

"మా ఆయన గుడి గోపురం రాళ్ళ మధ్య సీసం కరిగించి పోసేవాడు," అంది చివరికి. "పదేళ్ళు పోశాడు. మొదట కోపం పట్టింది, దేవుడిలాంటి మనిషికి. తరువాత కడుపునొప్పి. తరువాత చేతులు ఇలాగే వేలాడాయి. చిగుళ్ళకు ఈ గీతే. నేనే ముద్దలు కలిపి తినిపించాను, పోయేదాకా. సీసం ఇనుములా పొడవదు దొరా. చుట్టంలా ఇంట్లోకి వచ్చి, ఎముకల్లో చాప వేసుకుని పడుకుంటుంది. నెత్తురు పీలుస్తుంది, నరాలు కొరుకుతుంది, ఆడదాని కడుపులో పిండాన్ని కూడా నిలవనియ్యదు. ఊరికే ఉన్న సీసం మెల్లగా చంపుతుంది. చింతపండు పులుసు తగిలిందా, కరిగి దిగుతుంది. దిగినకొద్దీ పులుసు తియ్యగా..."

"తియ్యగా ఉంటుంది," అన్నాడు దుగ్గనాయకుడు. మూడు గరిటెలు ఆయనకు ఒక్కసారిగా గొంతులో అడ్డం పడ్డాయి.

"బెల్లం లేని కోటలో పులుసు తియ్యబడితే అమ్మవారంటారా! అమ్మవారికి వేరే పని లేదా? మగవాళ్ళ తెలివి మండ! నాకు పంపిన పులుసు రోజూ మూలన పారబోశాను."

"పోలమ్మా," అన్నాడాయన. ఇరవై యుద్ధాల్లో తల వంచని మనిషి ఆ మట్టినేల మీద తల వంచాడు. "వంచి చూడమన్నావు. చూడలేదు. నువ్వు అరిచావని వినలేదు. తప్పు నాది. నన్ను తోసేస్తే తోసేయనీ, తాళాలు మాత్రం వాడికి పోకూడదు. రాజు ముందు ఈ మాట చెబుతావా?"

"చెప్పను. చూపిస్తాను," అని ముసలిది తన కొప్పులో చెయ్యి పెట్టి, చిటికెనవేలు లావున మెరిసే కడ్డీ ఒకటి పైకి తీసింది. "కంచరిదాని కొప్పులో పువ్వులుంటాయనుకున్నారు సన్నాసులు, ఒక్కడూ వెతకలేదు."

మూడో జాముకు ఆయన్ని తీసుకుపోవడానికి వచ్చినవాడు కాటన్న. ఉత్తర బురుజు కాపలా కాసే నలభైమంది గూడెపు విలుకాండ్రకు పెద్ద. రణం జరుగుతున్నంత కాలం లోహం శత్రువు ఒంట్లోకే గాని తమ కూటిలోకి రాకూడదని వాళ్ళకు కట్టుబాటు. అందుకని తమ జొన్నలు తామే మట్టికుండల్లో వండుకునేవారు. కోటంతా వాళ్ళను కుండవీరులని వెక్కిరించేది. ఆ కుండవీరుల్లో ఒక్కడి చెయ్యి వాలలేదన్న సంగతి మాత్రం ఒక్కరికీ తోచలేదు.

"కాటన్నా, ఈమెను కూడా తీసుకురా. దారిలో వంటశాల దగ్గర ఒక్క క్షణం ఆగాలి."

"నాకు ఆ ఆజ్ఞ లేదు, నాయకా."

"నీ పళ్ళు చూపించరా అబ్బాయ్," అంది పోలమ్మ. బిత్తరపోయి చూపించాడు. చిగుళ్ళు దానిమ్మగింజల్లా ఎర్రగా ఉన్నాయి. "ఇప్పుడు ఆయనవి చూడు."

కాటన్న చూశాడు. మరి మాట్లాడకుండా పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

ఉత్తర బురుజు మీద రాజు, మంత్రి, కొలువంతా నిలిచి ఉన్నారు. కింద వెయ్యి ముఖాలు సున్నపు గోడల్లా పైకి చూస్తున్నాయి. మూరెడు దూరంలో అగాధం. వంటశాల గుండిగ లోపలినుంచి గీకిన పూతను పొయ్యి నిప్పుల మీద కరిగించి ముద్ద చేసి, కడ్డీలా సాగదీసి తెచ్చిన పోలమ్మ, ఎవరూ ఆపేలోగా రాజు ముందుకు దూసుకుపోయింది.

"ఎవతె ఇది!" అన్నాడు నారపామాత్యుడు. "లాగి అవతల పారేయండి!"

"ప్రభూ!" దుగ్గనాయకుడి కేకకు బురుజు రాళ్ళు కంపించాయి, గుడారాల తాళ్ళ సంగతి ఏమోగాని ఆ క్షణాన భటుల కాళ్ళు మాత్రం ఆగిపోయాయి. "చావబోయేవాడికి ఒక్క కోరిక ఇస్తారు. నా కోరిక ఇదే. ఈమె రెండు కడ్డీలు వంచుతుంది. చెవి ఒగ్గి వినండి. తరువాత నన్ను తోసేయనక్కరలేదు, నేనే దూకుతాను."

రాజు చిరాకుగా చెయ్యి ఊపాడు. "కానీ."

"ఇది తగరం, దేవరా," అంది పోలమ్మ, కొప్పులోంచి తీసిన కడ్డీని రాజు చెవి దగ్గర పెట్టి. "మా కంచరివాళ్ళకు తగరం ఆడపిల్ల లాంటిది. వంచితే ఏడుస్తుంది." రెండు బొటనవేళ్ళతో వంచింది. కడ్డీ కిర్రు కిర్రుమంది; దాని ఏడుపు బురుజు మీద చివరన నిలబడ్డవాడికి కూడా వినబడింది. "ఇది మీ పులుసు గుండిగలోది." రెండోదాన్ని వంచింది. అది మెత్తగా, మైనంలా, చప్పుడు లేకుండా ఒంగిపోయింది. "మూగది. సీసం. ఏడు నెలలుగా మీరందరూ దీన్నే జుర్రుకు తింటున్నారు. ఇది చేతులు వాల్చేస్తుంది, కడుపులో పిండాన్ని కూడా నిలవనియ్యదు."

గుసగుస పుట్టి, రొదై, ఉప్పెనై లేచింది. నారపామాత్యుడు నవ్వాడు.

"ప్రభూ, ముట్టడిలో తగరం దొరకక కంచరివాళ్ళు కొంచెం సీసం కలిపి ఉంటారు. నేను మంత్రిని గాని లోహకారుణ్ణి కాను. నేనూ ఆ పులుసే తిన్నాను కదా!"

"తిన్నావా?" అంది పోలమ్మ, నిమ్మకాయ కోసినంత తేలిగ్గా. "అయితే అందరితో పాటు ఇకిలించు నాయనా. సీసం తిన్నవాడి చిగుళ్ళ మీద నల్లగీత పడుతుంది. ఒరే, అందరూ పెదవులు ఎత్తండి!"

వెయ్యి పెదవులు లేచాయి. వెయ్యి నల్లగీతలు. రాజు, వెంట వచ్చిన దాసి చేతిలోని కంచు అద్దం లాక్కుని తన పెదవి తాను ఎత్తి చూసుకున్నాడు.  అద్దం పట్టిన ఆ చెయ్యి కూడా కొద్దిగా వాలుతోందని దుగ్గనాయకుడు అప్పుడే గమనించాడు.

"పిండాన్ని కూడా..." అన్నాడు రాజు, ఎవరితోనూ కాదన్నట్టు.

"నిలవనియ్యదు, తండ్రీ," అంది పోలమ్మ, మొదటిసారి మెల్లగా.

అందరి కళ్ళూ మంత్రి మీదికి మళ్ళాయి. మంత్రి నోరు బిగించుకున్నాడు. కాటన్న వెనుక నుంచి వచ్చి రెండు దవడలూ నొక్కాడు. నారపామాత్యుడి చిగుళ్ళు గులాబీ రంగులో, పసిపాప చిగుళ్ళలా కళకళలాడుతున్నాయి.

"అమ్మవారి మీద ఒట్టేశావే, మహామంత్రీ," అన్నాడు దుగ్గనాయకుడు. "మా పులుసే నీ పులుసన్నావే! ఇంట్లో ఏ రాచ్చిప్పలో కాచుకున్నావు?"

ఇక దాచేది లేదని నారపామాత్యుడికి తెలిసిపోయింది. ముఖం మీది మర్యాద ఊడిపడింది. "కాచుకున్నాను! ఒక మొండి కత్తినీ ఒక పాలబుగ్గల రాజునూ నమ్ముకుని ఈ రాళ్ళ మధ్య చావడానికి నేను పుట్టలేదు!" అని అరిచి, కాటన్నను తోసి, పసుపు ఉత్తరీయం లాగి బురుజు కొమ్ము మీద నుంచి బయటికి విసిరాడు. అది గాలిలో రెక్కలు విప్పిన పక్షిలా దిగింది. అదే గుర్తు. కింద కాపలాలో వాడి మనుషులు అప్పటికే తాళం పగలగొట్టి గడియ మీద చేతులు వేసి ఉన్నారు. ఉత్తర ద్వారం కిర్రున తెరుచుకుంది. ఎదుట మానువనాటి సైన్యం సముద్రం లేచినట్టు లేచింది.

కాటన్న మంత్రిని నేలకేసి కొట్టి మోకాలు ఎక్కించాడు. రాజు "కత్తులు! కత్తులు!" అని కేకపెట్టాడు. కత్తులు పట్టాల్సిన చేతులు వేలాడుతున్నాయి.

"పోలమ్మా! కట్టు!" అన్నాడు దుగ్గనాయకుడు, రెండు చేతులూ చాచి.

ముసలిదానికి మరి చెప్పనక్కరలేదు. రెండు మణికట్లకూ కిందా పైనా విరిగిన విల్లుబద్దలు ఆనించి, రెండు పిడికిళ్ళ నడుమ పక్క భటుడి ఖడ్గం పిడి ఇరికించి, వింటినారితో మోచేతి నుంచి వేళ్ళ దాకా బిగించి చుట్టింది. "నెత్తురు ఆగిపోతుంది," అంది.

"అది ఇక్కడ ఆగినా అక్కడ కారినా ఒకటే. ఇంకా బిగించు."

మంత్రిని భటులకు అప్పగించి వచ్చిన కాటన్నతో, నలభైమంది విలుకాండ్రతో ఆయన మెట్లు దిగిన వేగానికి మెట్ల మీద దుమ్ము మర్నాటి దాకా కిందికి రాలేదు. గడియ తీసినవాళ్ళను నరికి ద్వారం దగ్గరకు చేరేసరికి శత్రువు వంద గజాల్లో ఉన్నాడు. తలుపులు ఒక్కొక్కటి ఇరవైమంది తోయాలి. నలభైమందీ తోస్తే అడ్డుకునేవాడు లేడు. దుగ్గనాయకుడు ఆలోచించలేదు, ద్వారం దాటి బయటికి నడిచాడు.

"మూసేయ్, కాటన్నా!"

"నువ్వు లోపలికి రా, నాయకా!"

"నా మాట దాటినవాడు రాజద్రోహి. ఈవేళ ఆ పేరు ఒకరికి చాలు. మూసేయ్!"

వెనుక తలుపులు కలుసుకున్న చప్పుడు ఆయన వీపుకు తగిలింది. ఇరుకైన ద్వారబంధంలో ఒకేసారి ముగ్గురికి మించి రాలేరు. ముగ్గురు వచ్చారు, పడ్డారు. ఇంకో ముగ్గురు వచ్చారు. ఆ తరువాత పైడిగట్టులో లెక్క పెట్టినవాళ్ళు ఎవరూ ఒక లెక్క చెప్పలేదు. కొందరు మున్నూరంటారు, కొందరు మూడు వేలంటారు, శవాల గుట్ట మీద ఎక్కి ఆయన ద్వారం పైకప్పును తలతో తాకాడనేవాళ్ళు కూడా ఉన్నారు. ఒకటి మాత్రం అందరూ ఒప్పుకున్నారు: వాలిపోయిన ఆ చేతులు బద్దల మధ్య నిటారుగా, ఒక్కసారి కూడా కుంగలేదు. పైనుంచి నలభై విళ్ళు, వాటితో పాటు రాళ్ళు మోయగలిగిన ప్రతి మనిషీ బాణాలూ బండలూ కురిపించారు. తెరిచి ఉంటుందనుకున్న తలుపు మూసి ఉండడం చూసి, ఇది మంత్రీ సేనానీ కలిసి పన్నిన వల అని మానువనాటివాళ్ళు భ్రమపడి, ఒకరినొకరు తొక్కుకుంటూ వెనుదిరిగారు. పొద్దు వాలకముందే దిడ్డివాకిలి తెరిచి, ఆయన్ని లోపలికి మోసుకువచ్చారు.

ఒంటి మీద గాయం లేని జానెడు చోటు లేదు. రాజు మోకాళ్ళ మీద కూలబడి ఆయన తల ఒడిలోకి తీసుకున్నాడు.

"నాయకా! నీ మాట వినకుండా..."

"వినలేదు, ప్రభూ." ఆయన గొంతులో తియ్యదనం చుక్క లేదు. "మీరు నా మాట వినలేదు. నేను ఈ ముసలిదాని మాట వినలేదు. మున్నూరు మంది చేతులు పోయాయి. ఓదార్పు మాటలకు పొద్దు లేదు, గుండిగలన్నీ పగలగొట్టించండి. మట్టిలో వండించండి."

"చేయిస్తాను. ఆ నారపణ్ణి ఏం చేయమంటావు? కొరత వేయించనా, ఏనుగుతో తొక్కించనా?"

దుగ్గనాయకుడు నవ్వాడు, నవ్వుతో పాటు నెత్తురు వచ్చింది. "ఎందుకు ప్రభూ అంత ఖర్చు? అమ్మవారి మీద ఒట్టేసి తినకుండా ఎగ్గొట్టిన పూటలు నాలుగు వందలున్నాయి. ఒక్క గుండిగ ఉంచి, మొక్కు తీర్చుకోనివ్వండి."

రాజు తల ఊపాడు. ఆ శిక్ష తు.చ. తప్పకుండా జరిగింది. నూరో పూటకు నారపామాత్యుడు నీడను చూసి తిట్టాడు, రెండు వందో పూటకు కడుపు పట్టుకుని నేల మీద దొర్లాడు, ఆపైన ముద్ద నోటికి ఎత్తలేక భటుడు తినిపించాల్సి వచ్చింది. నాలుగు వందల పూటలు చూడలేదు.

అదంతా తరువాతి మాట. ఆ సాయంత్రం దుగ్గనాయకుడి చూపు పోలమ్మ కోసం వెతికింది. "ముసలిదానా, మరీ ఇంత బిగించావేమిటి? వేళ్ళు తిమ్మిరెక్కాయి."

"నువ్వే కదయ్యా ఇంకా బిగించమన్నావు! ఏడు నెలల తరువాత ఒక్కసారి నా మాట కాదని నీ మాట వింటే అదీ తప్పేనా? ఊపిరి పీల్చు. పీల్చమంటున్నానా! ఇదిగో, నన్ను తిట్టడానికైనా ఈ కోటలో తలకాయ ఉన్నవాడు ఒక్కడుండాలి..."

ఆయన పీల్చాడు. వదలలేదు.

నారి కోయడానికి కాటన్న కత్తి తీస్తే ముసలిది వాడి చేతి మీద కొట్టింది. "నేను కట్టిన కట్టు. నేనే విప్పుతాను." ముడి తరువాత ముడి, తిట్టు తరువాత తిట్టు, కళ్ళ వెంట ధారలు కారుతుండగా విప్పింది. బద్దలు తొలగగానే ఆ రెండు మణికట్లూ వడలిన కాడల్లా పక్కలకు వేలాడాయి.

అవి అలా వేలాడటం రాజు చూడలేకపోయాడు. పాడె లేచినప్పుడు పక్కన నడుస్తూ, తన వేళ్ళు తనకు సరిగా పట్టివ్వకపోయినా, ఆ చేతులు రెండింటినీ తన చేతుల్లోకి తీసుకున్నాడు. కోట నడిబొడ్డు నుంచి ఏటి ఒడ్డున చితి దాకా, ఒక్క అడుగు దూరం కూడా వాటిని వాలనివ్వలేదు.